తొలి చలికాలపు సాయంత్రం నగరంలో బయట తినడం: బయలుదేరే ముందు నుంచి ఇల్లు చేరేదాకా

చలి ఇంకా ముదరని తొలి వారాల్లో, సాయంత్రం పూట కాసేపు నడిచి, వేడివేడిగా ఏదైనా తిని, మళ్ళీ నడుచుకుంటూ ఇల్లు చేరడం ఎలాగో వివరంగా చెప్పమని చాలామంది అడుగుతున్నారు. వారి ఇబ్బందులు దాదాపు ఒకే రకమైనవి. బయలుదేరేసరికే చీకటి పడుతుంది. కూర్చున్న చోట చలిగాలి కొడుతుంది. బల్ల మీదికి వచ్చినవి మాటల్లో పడి చల్లారిపోతాయి. తిరుగు దారిలో వణుకు పుడుతుంది.

వీటన్నిటికీ మూలం ఒకటే: చలికాలంలో పగటి వెలుతురు గడువు, పళ్ళెంలోని వేడి గడువు రెండూ కుదించుకుపోతాయి. ఏ పని ముందు చేయాలి, ఏది తరువాత చేయాలి అనేది ఈ రెండు గడువులను బట్టి నిర్ణయించుకుంటే సాయంత్రం సాఫీగా సాగుతుంది. ఇక్కడ చెప్పే క్రమం ఇద్దరి నుంచి ఐదారుగురి దాకా సరిపోతుంది. పదిమంది దాటితే అది విందు అవుతుంది, దాని ఏర్పాట్లు వేరు.

1. రోజును, వేళను ఎంచుకోవడం

ముందుగా సూర్యాస్తమయ వేళ చూసుకోండి. ఉత్తరార్ధగోళంలో అతి చిన్న పగలు డిసెంబర్ 21 లేదా 22న వస్తుంది. అయితే సూర్యుడు అన్నిటికంటే త్వరగా అస్తమించేది ఆ రోజున కాదు. 40 డిగ్రీల అక్షాంశం దగ్గరి నగరాల్లో అంతకు సుమారు రెండు వారాల ముందే అది జరుగుతుంది, భూమధ్యరేఖకు దగ్గరయ్యే కొద్దీ ఇంకా ముందు జరుగుతుంది. అందుకే తొలి చలికాలంలో సాయంత్రాలు చూస్తూండగానే అయిపోయినట్టు ఉంటాయి. దక్షిణార్ధగోళంలో ఇదే వరస జూన్ నెలలో కనిపిస్తుంది.

కాబట్టి సూర్యాస్తమయానికి గంట ముందు ఇంటి నుంచి బయటపడండి. వెలుతురు ఉండగా నడక, చీకటి పడే వేళకు భోజనం అనే క్రమం పెట్టుకోండి. ముందు తిని తరువాత తీరిగ్గా నడుద్దామనుకునేవారు చీకట్లో, చలిలో, నిండు కడుపుతో నడవవలసి వస్తుంది. ఆ నడక సగంలోనే ఆగిపోతుంది.

ఆకాశం నిర్మలంగా ఉన్న సాయంత్రం పొద్దు గుంకగానే చలి దిగుతుంది, ఎందుకంటే నేల పగలంతా పీల్చుకున్న వేడి అడ్డు లేకుండా పైకి వెళ్ళిపోతుంది. మబ్బు పట్టిన రోజు ఆ వేడి కొంత కిందనే నిలుస్తుంది. ఆరుబయట కూర్చుని తినాలని మనసుంటే మబ్బు పట్టి, వాన లేని రోజును ఎంచుకోండి.

చలిని ఉష్ణోగ్రతతో మాత్రమే అంచనా వేయవద్దు, గాలి వేగం కూడా చూడండి. ఉష్ణోగ్రత 10 డిగ్రీల సెల్సియస్ ఉన్నప్పుడు గంటకు 20 కిలోమీటర్ల వేగంతో గాలి వీస్తే ఒంటికి సుమారు 7 డిగ్రీలుగా తెలుస్తుంది. అదే 5 డిగ్రీల వద్ద 30 కిలోమీటర్ల గాలి ఉంటే సున్నా డిగ్రీల చలిగా తోస్తుంది. గాలి బలంగా ఉన్న రోజు ఆరుబయట బల్లల ఆలోచన మానుకోవడమే మేలు.

గాలి బొత్తిగా లేకపోయినా ఒక చిక్కు ఉంది. నిశ్చలంగా ఉండే చలికాలపు రాత్రుల్లో నేలకు దగ్గరి గాలి చల్లబడి, దాని మీద వెచ్చని గాలి మూతలా నిలిచిపోతుంది. నగరంలోని పొగ, దుమ్ము ఆ మూత కిందే చిక్కుకుంటాయి. సన్నని ధూళి కణాలైన పీఎం 2.5 రోజు సగటు ఘనపు మీటరుకు 15 మైక్రోగ్రాములు మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో సూచించింది. గాలి నాణ్యత మరీ దిగజారిన రోజు నడకను కుదించి, తలుపులు మూసి ఉండే చోట తినండి.

బయలుదేరే రోజున సరిచూసుకోవలసినవి:
- సూర్యాస్తమయం ఎన్ని గంటలకు?
- గాలి వేగం ఎంత? వాన సూచన ఉందా?
- గాలి నాణ్యత ఎలా ఉంది?
- వెళ్ళదలచిన చోటు ఆ రోజు తెరిచి ఉంటుందా? ఎప్పుడు మూస్తారు?
- తిరిగి రావడానికి చివరి బస్సు లేదా రైలు ఎప్పుడు?

2. ఒంటి మీద ఏముండాలి

మందపాటి కోటు ఒక్కటి వేసుకోవడం కంటే పలచని దుస్తులు మూడు పొరలుగా వేసుకోవడం మంచిది. ఒంటిని అంటిపెట్టుకుని చెమటను పీల్చేది ఒకటి, దాని మీద వెచ్చదనాన్ని పట్టి ఉంచే ఉన్ని స్వెటర్ లాంటిది, అన్నిటికీ పైన గాలిని అడ్డుకునే జాకెట్. ఈ సాయంత్రంలో మీరు నడుస్తారు, కదలకుండా కూర్చుంటారు, వెచ్చని గదిలోకి వెళ్ళి మళ్ళీ చలిలోకి వస్తారు. ఒకే కోటు ఇన్నిటికి సరిపడదు.

అందరూ మరిచిపోయేది పొరలను తీయడం. హోటల్ లోపలికి వెళ్ళగానే పై పొర తీసేయాలి. చలికి వణికి వచ్చినవారికి ఆ క్షణాన జాకెట్ విప్పబుద్ధి కాదు. కాని పావుగంటలో లోపలి వెచ్చదనానికి, తింటున్న వేడికి వీపు మీద చెమట పడుతుంది. నీరు గాలి కంటే దాదాపు 25 రెట్లు వేగంగా వేడిని లాగేస్తుంది కాబట్టి, ఆ తడితో బయట అడుగుపెట్టగానే వెన్నులోంచి చలి పుడుతుంది. తిరుగు దారిలో వణుకు గురించి అడిగినవారిలో ఎక్కువమందికి కారణం ఇదే అయి ఉంటుంది.

కాళ్ళ విషయానికి వస్తే, బిగుతైన బూట్లలో రెండు జతల మేజోళ్ళు తొడిగితే పాదాలకు రక్తప్రసరణ తగ్గి చలి ఇంకా పెరుగుతుంది. ఒక్క మంచి జత చాలు, వేళ్ళు కదిలేంత చోటుండాలి.

వెంట ఉండవలసినవి:
- మఫ్లర్ లేదా శాలువా. చల్లని పొడి గాలికి ఉబ్బసం రేగేవారు దీనిని ముక్కు, నోరు కప్పేలా చుట్టుకోవాలి.
- కూర్చునేటప్పుడు కింద వేసుకోవడానికి మడిచిన మందపాటి గుడ్డ. ఇనుప కుర్చీ ఒంటి వేడిని చప్పున లాగేస్తుంది.
- చేతి రుమాళ్ళు రెండు. చలిలో ముక్కు కారడం సహజం.
- బిగుతైన మూత ఉన్న చిన్న డబ్బా, మిగిలినవి తెచ్చుకోవడానికి.
- కొంత నగదు. లిథియం బ్యాటరీ చలిలో త్వరగా నీరసిస్తుంది కాబట్టి ఫోన్‌ను లోపలి జేబులో పెట్టుకోవాలి. అయినా అది ఆగిపోతే బిల్లు కట్టడానికి నగదు ఉండాలి.

3. చోటు ఎంచుకోవడం

పెద్ద జాబితా ఉన్న చోటు కంటే నాలుగైదు రకాలే చేసి, అవి చేసినవి చేసినట్టు అమ్ముడైపోయే చోటు ఈ కాలానికి మేలు. అక్కడ వంటకం పొయ్యి మీద నుంచి నేరుగా పళ్ళెంలోకి వస్తుంది. జనం లేక వెలవెలబోతున్న పెద్ద హోటల్‌లో అదే వంటకం ఎప్పుడో వండి, వేడిచేసి ఇచ్చినదయ్యే అవకాశం ఉంది.

పొయ్యి కళ్ళ ముందే ఉంటే, ఏదైనా చెప్పే ముందు రెండు నిమిషాలు నిలబడి చూడండి. బాణలిలో పిండి ముద్ద పడగానే దాని చుట్టూ నురగ చురుగ్గా కట్టి, ముద్ద తేలి రావాలి. అడుగున కూర్చుండిపోయి మెల్లగా లేస్తే నూనె ఇంకా కాగలేదు, ఆ వంటకం నూనె పీల్చి బరువెక్కుతుంది. నూనె మీద నీలి పొగ లేచి ముక్కుకు ఘాటుగా తగిలితే మాడుతున్నట్టు లెక్క. ఇక పులుసు గిన్నె దగ్గర, మూత తీయగానే ఆవిరి గుప్పున లేవాలి. పైన తెట్టు కట్టి, గిన్నె లోపలి అంచున ఎండిన గీత కనిపిస్తూంటే పొయ్యి ఆర్పి చాలాసేపయిందని తెలుసుకోవాలి.

ఈ పరిశీలన రుచి కోసమే కాదు. వండినది 60 డిగ్రీల సెల్సియస్ పైన ఉన్నంతసేపు క్షేమం. 5 డిగ్రీలకు, 60 డిగ్రీలకు మధ్య సూక్ష్మజీవులు త్వరగా పెరుగుతాయి. వండినదాన్ని రెండు గంటలకు మించి గది వేడిమిలో ఉంచవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. బయట చలిగా ఉంది కనుక ఏమీ కాదనుకోవడం పొరపాటు, పొయ్యి పక్కన ఉన్న గిన్నెకు బయటి చలి అందదు.

ఒకే సాయంత్రం రెండు చోట్లకు వెళ్ళవచ్చు: ఒకచోట భోజనం, మరొకచోట తీపి లేదా టీ. రెండింటికీ మధ్య దూరం పది నిమిషాల నడకకు మించకూడదు. మూడో చోటు పెట్టుకోవద్దు, అప్పటికి ఆకలి తీరి కాళ్ళు చల్లబడి ఉంటాయి.

4. కూర్చునే బల్ల

లోపలైతే తలుపుకు ఎదురుగా ఉన్న బల్ల వద్దు. తలుపు తెరుచుకున్న ప్రతిసారీ చల్లగాలి మొదట కాళ్ళకే తగులుతుంది. పెద్ద అద్దాల కిటికీ పక్కన వీధి చూస్తూ కూర్చోవడం బాగుంటుంది కాని, చల్లని అద్దాన్ని తాకిన గాలి బరువెక్కి కిందికి జారుతుంది. చలి తట్టుకోలేనివారిని అద్దానికి దూరంగా, గోడ వైపు కూర్చోబెట్టండి.

ఆరుబయటైతే వీపు వెనుక గోడ ఉండాలి. నిలువు హీటర్లు ఉన్నచోట, అవి చుట్టూ ఉన్న గాలిని కాకుండా సెగ నేరుగా తగిలిన వాటిని మాత్రమే వేడి చేస్తాయని గుర్తుంచుకోండి. హీటర్‌కు మీకు మధ్య స్తంభం అడ్డుంటే ప్రయోజనం ఉండదు.

నాలుగు వైపులా పరదాలు దించిన గుడారంలో బొగ్గుల కుంపటి పెడితే అక్కడ కూర్చోవద్దు. బొగ్గు నుంచి వెలువడే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు, వాసన ఉండవు. తలనొప్పి, తల తిరగడం మొదలైతే వెంటనే అందరూ బయటికి రావాలి.

5. ఏది ముందు, ఏది తరువాత

ఈ మార్గదర్శిలో ఒక్క భాగమే గుర్తుంచుకునేట్టయితే దీనిని గుర్తుంచుకోండి: అన్నీ ఒకేసారి చెప్పవద్దు. ఐదు రకాలు కలిపి వస్తే మొదటిది తినేలోపు మిగిలిన నాలుగు చల్లారుతాయి. ఒకసారికి ఒకటి, ఎక్కువమంది ఉంటే రెండు చెప్పి, అవి సగమయ్యేసరికి తరువాతవి చెప్పండి. సర్వర్‌కు ఈ మాట ముందే చెబితే ఆయనకూ ఇబ్బంది ఉండదు.

మొదట కప్పులో పలచని వేడి సూప్ లేదా చారు లాంటిది తీసుకోండి. బయటి చలికి ముక్కు మొద్దుబారి ఉంటుంది. వాసన తెలియకపోతే రుచి సగమే తెలుస్తుంది. కొంకర్లు పోయిన వేళ్ళతో కప్పును చుట్టిపట్టి, ఆవిరి మొహానికి తగిలేలా కాసేపు ఉంచుకుంటే ముక్కు తెరుచుకుంటుంది, అరచేతుల్లోకి వెచ్చదనం పాకుతుంది. తొలి చలికాలంలో బయట తినడానికి వెళ్ళినందుకు ఈ నాలుగు నిమిషాలు చాలు. వీటిని తొందరపడి పోగొట్టుకోవద్దు.

రెండోది వేపుడు. కరకరలాడేది ఏదైనా పళ్ళెం బల్ల మీద పెట్టగానే తినాలి. వేపుడు లోపలి తేమ ఆవిరిగా బయటికి వస్తూనే ఉంటుంది. మూత పెడితే ఆ ఆవిరి మళ్ళీ పైపొరలోకే దిగి మెత్తబడుతుంది. చల్లారకుండా మూత పెట్టమని అడగడం అందుకే తగదు. తక్కువ చెప్పి, అయిపోతే మరొకసారి వేడిగా తెప్పించుకోండి.

మూడోది చిక్కని పులుసు లేదా కూర, అందులోకి రొట్టె లేదా అన్నం. మాటలు సాగే భాగం ఇదే కాబట్టి వేడిని ఎక్కువసేపు నిలుపుకునే వంటకం ఇక్కడ ఉండాలి. పలచని ద్రవంలో వేడి భాగం పైకి, చల్లారిన భాగం కిందికి తిరుగుతూ వేడి త్వరగా పోతుంది, చిక్కనిదానిలో ఆ తిరుగుడు మందగిస్తుంది. పాత్ర ఆకారం కూడా ముఖ్యమే. వెడల్పు పళ్ళెంలో పరిచినదాని కంటే లోతైన గిన్నెలో పోసినది నిదానంగా చల్లారుతుంది. పెద్ద గిన్నె మూత వేసి మధ్యలో ఉంచి, కొద్దికొద్దిగా వడ్డించుకోండి. ఖాళీ పళ్ళేలను వేడినీళ్ళతో కడిగి తుడిచి ఇవ్వమని అడగడానికి మొహమాటపడవద్దు. చల్లని పింగాణీ మొదటి వడ్డనలోని వేడినంతా పీల్చేస్తుంది.

నెయ్యి, వెన్న, చీజ్, మాంసపు కొవ్వు ఎక్కువగా ఉన్నవి చల్లారితే పేరుకుని అంగిలికి అంటుకుంటాయి. అటువంటివి ఆరుబయట బల్ల మీద అసలు వద్దు, లోపల కూర్చున్నప్పుడు కూడా కొంచెంగానే చెప్పండి.

తీపిని మొదటి చోట తినకుండా రెండో చోటికి దాచుకోండి. మధ్యలో పది నిమిషాల నడకతో కడుపులో భారం కాస్త తగ్గుతుంది, మళ్ళీ వెచ్చని చోటికి చేరే ఆనందం రెండోసారి దక్కుతుంది.

6. తాగేవి

చలిలో దాహం తక్కువగా తెలుస్తుంది, మూత్రం మాత్రం ఎక్కువవుతుంది. దాహం వేయకపోయినా భోజనంతో పాటు గోరువెచ్చని నీళ్ళు తాగుతూ ఉండండి.

టీ, కాఫీ, పాలు ఏవైనా పొగలు కక్కుతుండగానే గొంతులో పోసుకోవద్దు. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2016లో, 65 డిగ్రీల సెల్సియస్ దాటిన వేడి పానీయాలను బహుశా క్యాన్సర్ కలిగించగలవన్న వర్గంలో చేర్చింది. కప్పు చేతుల్లో ఉంచుకుని కొన్ని నిమిషాలు ఆగి, పెదవికి హాయిగా తోచినప్పుడు తాగండి.

మద్యం వెచ్చదనాన్నిస్తుందన్న నమ్మకం తప్పు. అది చర్మం దగ్గరి రక్తనాళాలను విప్పార్చడం వల్ల పైకి వెచ్చగా అనిపిస్తుంది, లోపలి వేడి మాత్రం త్వరగా బయటికి పోతుంది. ఆ తరువాత చలిలో నడవవలసి ఉంటే దాని జోలికి పోకండి.

7. పిల్లలు, పెద్దవారు వెంట ఉంటే

బరువుతో పోలిస్తే పిల్లల శరీర ఉపరితలం ఎక్కువ కాబట్టి వారి ఒంటి వేడి త్వరగా పోతుంది. పెద్దవయసువారికి చలి తగులుతున్న సంగతే ఆలస్యంగా తెలుస్తుంది. వీరు వెంట ఉంటే నడకను సగానికి తగ్గించి, ఒక్క చోటే తిని, లోపలి బల్లనే ఎంచుకోండి. వారికి పెట్టేది ముందుగా వచ్చేలా చెప్పండి.

8. తరచు జరిగే పొరపాట్లు, వాటికి సవరణలు

బాగా ఆకలేసేదాకా ఆగి బయలుదేరడం. చలిలో నడిచే కొద్దీ ఆకలి పెరుగుతుంది. వరుసలో నిలబడవలసి వస్తే సహనం నశించి, కనిపించిన మొదటి చోట ఏదో ఒకటి తినేస్తారు. బయలుదేరే ముందు ఒక పండో, గుప్పెడు పల్లీలో తినండి. పల్లీలు పడనివారు వెంట ఉంటే వేరేవి పెట్టండి, హోటల్‌లో కూడా ఆ సంగతి వంటకం చెప్పే ముందే చెప్పండి.

సెలవు రోజు రద్దీ వేళలో వెళ్ళడం. చలిలో బయట అరగంట నిలబడితే ఆ తరువాత ఏది తిన్నా వెచ్చబడడానికే సరిపోతుంది. పనిదినాల్లో, రద్దీ మొదలవడానికి గంట ముందు వెళ్ళండి. తప్పక ఆగవలసి వస్తే పేరు రాయించి, నిలబడకుండా చుట్టుపక్కల నడుస్తూ ఉండండి.

లోపలికి రాగానే కళ్ళద్దాలు తుడవడం. చల్లని అద్దం మీద గదిలోని తేమ మంచులా పడుతుంది, తుడిచినకొద్దీ మళ్ళీ పడుతుంది. అద్దాలు తీసి చేత్తో పట్టుకుని రెండు నిమిషాలు ఆగితే అవే తేటపడతాయి.

ఫొటోల కోసం పళ్ళెం ఆపడం. వేపుడుకు ఇది అన్నిటికంటే పెద్ద నష్టం. తీయాలనుంటే పొయ్యి దగ్గర వండుతున్నప్పుడే తీసుకోండి.

తడిసిన గొడుగు, బూట్లు అలాగే ఉంచుకోవడం. గొడుగును వాకిట్లోనే ఉంచి, మేజోళ్ళు తడిస్తే వెంటనే మార్చండి. వాన సూచన ఉన్న రోజు అదనపు జత సంచిలో ఉండాలి.

9. తిరుగు దారి, మిగిలినవి

బిల్లు కట్టి లేచే ముందే, గది లోపలే, తీసిన పొరలన్నీ వరుసగా వేసుకుని బొత్తాలు పెట్టుకోండి. వీధిలోకి వచ్చాక జాకెట్ తొడుక్కోవడం మొదలుపెడితే లోపల కూడబెట్టుకున్న వెచ్చదనం అక్కడే పోతుంది. మొదటి ఐదు నిమిషాలు కాస్త చురుగ్గా నడిచి, తరువాత మామూలు వేగానికి రండి. దూరం ఎక్కువైతే నడకను బస్సు దాకానే పరిమితం చేసుకోండి.

మిగిలినవి తెచ్చుకునేటట్టయితే:
- బల్ల మీదికి వచ్చినప్పటి నుంచి రెండు గంటల లోపు ఫ్రిజ్‌లో చేరాలి. మధ్యలో రెండో చోటికి వెళ్ళే ఆలోచన ఉంటే ఆ సమయం కూడా లెక్కలోకే వస్తుంది.
- వేపుళ్ళను మూత బిగించిన డబ్బాలో పెట్టవద్దు. కాగితంలో వదులుగా చుట్టి తెచ్చి, మరునాడు నూనె లేకుండా పెనం మీద వేడిచేయండి.
- పులుసు, కూరలను లోపలి భాగం కూడా 70 డిగ్రీల సెల్సియస్ దాటేలా, మధ్యలో కలుపుతూ, ఆవిరి వచ్చేదాకా వేడిచేయండి.
- తినేంత మాత్రమే విడిగా తీసి వేడిచేయండి. అలా వేడిచేసినదాంట్లో మళ్ళీ మిగిలితే పారేయాలి.